పప్పు ఉడకని కొండ

మా వైపు కొండ లేదు. తెనాలి నుంచి రేపల్లె, రేపల్లె నుంచి బాపట్ల, ఎటు వెళ్ళినా నేల చాప పరిచినట్టు ఉంటుంది. మాకు తెలిసిన ఎత్తల్లా కాలవ గట్టు, వరి కుప్ప, రైలు స్టేషనులో వంతెన. అలాంటి చోట పుట్టినవాడికి కొండల మీద ఇంత యావ ఎందుకు పట్టిందని చాలామంది అడిగారు. వెక్కిరింపుగానే అడిగారు లెండి. జవాబు చెప్పే ఓపిక అప్పట్లో లేదు. ఇప్పుడు చెబుతాను.

రేపల్లె అవతల మా అమ్మ కూలికి మినప చేను కాపలా కాసేది. వరి కోసే ముందు ఆ తడిలోనే మినుములు చల్లుతారు. మొలక రెండాకులు వేసేసరికి చలికాలపు బాతులు దిగేవి. పెద్ద బూడిదరంగు బాతులు. తెల్లటి తల మీద వెనకవైపు రెండు నల్ల చారలు, ఎవరో బొగ్గుముక్కతో గీసినట్టు. తెల్లారేసరికి చేను నిండా ఉండేవి. మా అమ్మ డబ్బా వాయిస్తే ఒక్కసారిగా లేచి, మొత్తుకుంటూ సముద్రం వైపు పోయి, మళ్ళీ తిరిగొచ్చేవి. ఎక్కణ్ణుంచి వస్తాయే అని అడిగాను.

"కొండల వెనక నుంచి వస్తాయిరా. ఎండలు ముదిరితే మళ్ళీ కొండ దాటి పోతాయి" అంది.

ఆవిడ కొండను చూసిన మనిషి కాదు. ఆవిడకి వాళ్ళమ్మ చెప్పింది. బళ్ళో పంతులుగారిని అడిగితే, మనూళ్ళో దిగేవన్నీ మనూరి బాతులే, కూర్చో అన్నాడు. అయిదో తరగతితో నా చదువు ఆగిపోవడానికి ఆయన కారణం కాదు. కానీ ఆ మాట మీద నాకు ఇప్పటికీ కోపమే. తెలియదు అని ఒక్క మాట అనడానికి ఆయనకేం పోయింది?

తెనాలిలో ఒక అచ్చాఫీసు వెనక బైండింగు షెడ్డులో పనికి కుదిరాను. నేను చదువుకున్నదంతా అక్కడే. పదహారు పేజీలు ఒకే కాగితం మీద అచ్చయి వస్తాయి. దాన్ని ఫారం అంటాం. ఫారాలు మడతపెట్టి, వరసగా పేర్చి, కుట్టి, అట్ట వెయ్యాలి. నేను మడతపెడుతూ చదివేవాణ్ణి. ఆ రోజు ఏ ఫారం చేతికొస్తే అదే పాఠం. కథ మధ్యలో మొదలై మధ్యలోనే ఆగిపోయేది. పెళ్ళి ముందు అయ్యేది, పెళ్ళిచూపులు వారం తరవాత. హిందీ పరీక్షల గైడ్లు కుట్టి కుట్టి హిందీ వచ్చింది. కాగితం కొట్టు ఉత్తరాది గుమాస్తాతో మాట్లాడి మాట్లాడి నోరు తిరిగింది. పక్షుల మీద ఏదో పుస్తకం వచ్చినప్పుడు ఒక ఫారంలో నా బాతులు దొరికాయి. అవి మంచు కొండల అవతల సరస్సుల దగ్గర పిల్లల్ని చేస్తాయని, మనిషికి ఊపిరి అందని ఎత్తులో ఆ కొండల్ని దాటుతాయని అందులో రాసి ఉంది. షెడ్డులో నిలబడి ఆ పదహారు పేజీలూ మూడుసార్లు చదివాను. మా అమ్మ చెప్పింది అక్షరాలా నిజం. అప్పటికి ఆవిడ పోయి రెండేళ్ళయింది.

అప్పట్నుంచీ నాకు ఒకటే కోరిక. అవి కొండ దాటుతుండగా ఒక్కసారి చూడాలి. చేలో దిగినవాటిని కాదు, దాటుతున్నవాటిని.

పెళ్ళయ్యాక నా భార్య కూడా ఈ పనిలోకే వచ్చింది. అంగలకుదురులో మా ఇంటి వరండాలో కూర్చుని ఫారాలు కుట్టేది. ఆవిడ చేతి కుట్టుకి తెనాలిలో పేరుండేది. చదువు మాత్రం చర్చిలో పాటల పుస్తకం చూసి పాడేటంత. బాతుల సంగతి ఎత్తితే, "మళ్ళీ మొదలెట్టారా" అని సూదిలో దారం ఎక్కించుకునేది. ఆవిడ రేపల్లె వైపు మనిషే. బాతులంటే ఆవిడకి మొలకలు తినేసే పురుగుల్లాంటివి. ముప్ఫై ఏళ్ళు నా గోల విన్నది, అంతే.

తొంభైల మొదట్లో బాపట్లలో ఒక రిటైరయిన రైల్వే బుకింగు క్లర్కుగారు ఏటా కొద్దిమందిని పోగుచేసి దూరదేశాలు తిప్పుకొచ్చేవారు. ఆ ఏడు భూటాన్, నేపాల్ అనుకున్నారు. గుళ్ళు, పండగలు, అడవి జంతువులు అన్నీ చూపిస్తానన్నారు. హిందీ వచ్చినవాడు కావాలని ఎవరి ద్వారానో నా దగ్గరికి వచ్చారు. మా వరండాలో బల్ల మీద కూర్చుని మజ్జిగ తాగారు. నేను వస్తానన్నాను, నా భార్యతో సహా, కానీ ఒక షరతు. ఒక్క పొద్దున బాతులు కొండ దాటే చోటికి తీసుకెళ్ళాలి. మార్చి చివర, మినుములు ఇంటికొచ్చాక బయలుదేరితే సరిగ్గా అవి దాటే రోజులే.

"హిందీ మీరు చూసుకోండి మేస్త్రీ. బాతులు నేను చూపిస్తాను" అన్నారు ఆయన.

చేతిలో చెయ్యేసి అన్నారు. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

తొమ్మిది మందిమి. బాపట్ల చుట్టుపక్కల వ్యవసాయం ఉన్న రెండు జంటలు, కామర్స్ పాఠాలు చెప్పి రిటైరయిన ఒక మాస్టారు, క్లర్కుగారు, మేమిద్దరం, తొమ్మిదో మనిషి వంటాయన. చెరుకుపల్లి ఆయనది. పెళ్ళి వంటల్లో చెయ్యి తిరిగినవాడు. అందరూ ఆయన్ని మావయ్యగారూ అనేవారు. ఇత్తడి తపేలాలు, రెండు పంపు స్టవ్‌లు, ఆవకాయ జాడీ, గోనెసంచిలో బియ్యం, కందిపప్పు. హౌరా దాకా రైల్లో ఆ సామానుకే ఒక బెర్తు. కుక్కరు తీసుకెళ్దామని ఒకావిడ అంటే మావయ్యగారు మొహం చిట్లించారు. విజిలు వేసిన పప్పుకి రుచెక్కడిదమ్మా అన్నారు. మొదటి రెండు రోజులు మా ఆవిణ్ణి తపేలాల దగ్గరికి రానివ్వలేదు. ఎందుకో నాకు తెలుసు, ఆవిడకీ తెలుసు. మూడో రోజు ఆయనకి జ్వరం తగిలితే ఆవిడే వండి అందరికీ పెట్టింది. ఆ తరవాత ఆ మాట ఎవరూ ఎత్తలేదు. నేను మర్చిపోలేదు.

మా జట్టుకి ఒక నియమం ఉండేది. పొద్దున్నే వేడన్నం, ముద్దపప్పు, నెయ్యి, ఆవకాయ. అది తిన్నాకే ఏ దేశమైనా, ఏ వింతైనా. పరాయిచోట కడుపు చెడితే చూసిందంతా దండగని క్లర్కుగారి సిద్ధాంతం. మా వైపు ఎవరూ కాదనరు. పొలానికి వెళ్ళేవాడైనా, కోర్టుకి వెళ్ళేవాడైనా నాలుగు ముద్దలు తినే గడప దాటుతాడు.

ఆ నాలుగు ముద్దలకి ఏమేం పోయాయో చెబుతాను. భూటాన్‌లో కొండ మీద మఠంలో పండగ. ఇంటి గోడంత పట్టుబొమ్మ ఒకటి, ఏడాదికి ఒక్కసారి, తెల్లవారకముందే విప్పి వేలాడదీస్తారు. ఎండ తగలకుండా మళ్ళీ చుట్టేస్తారు. అది చూస్తే జన్మ తరించినట్టేనని అక్కడివాళ్ళ నమ్మకం. మేం తిని, చేతులు కడుక్కుని, వక్కపొడి వేసుకుని వెళ్ళేసరికి నలభై మంది సన్యాసులు దాన్ని చుట్టి, పాడెలా భుజాల మీద మోసుకుపోతున్నారు. మాకు కనపడింది వెనకవైపు గుడ్డ. నేపాల్ అడవిలో ఖడ్గమృగం. పొద్దున్నే మంచులో నీళ్ళ దగ్గరికి వస్తుందని, ఎండెక్కితే గడ్డిలోకి పోతుందని ఏనుగు తోలేవాడు ముందురోజే నాకు చెప్పాడు. నేను అందరికీ చెప్పాను. మేం ఏనుగులెక్కేసరికి ఎనిమిదిన్నర. గడ్డి ఏనుగు వీపంత ఎత్తు. అది రోజూ ఒకే చోట వేసే పేడ కుప్ప చూపించాడు. మా వాళ్ళు దాన్నే శ్రద్ధగా చూశారు. వ్యవసాయదారులు కదా, ఎరువుకి పనికొస్తుందా అని అడగమన్నారు. అడిగాను.

ఆ రెండిటికీ నాకు కోపం రాలేదంటే నమ్మండి. నేను దాచుకున్న కోరిక అది కాదు. నా పొద్దు ముందుంది.

పోఖరా దాటి బస్సు దిగాక ఒక పగలంతా రాతిమెట్లు ఎక్కాలి. మోకాళ్ళ నొప్పులున్న రెండు జంటలూ కింద సరస్సు దగ్గరే ఆగిపోయారు. వాళ్ళకి అటుకులు, ఆవకాయ ఇచ్చి మేం అయిదుగురం ఎక్కాం. దారి చూపించడానికి సైన్యంలో, వాళ్ళ మాటలో పల్టన్‌లో, పనిచేసి వచ్చిన ఒక నేపాలీ ఆయన, సామాను మొయ్యడానికి ఇద్దరు. మా ఆవిడ చెప్పుల్లో ఎక్కింది. నాకంటే ముందు ఎక్కింది. సాయంత్రానికి నాలుగిళ్ళున్న ఒక చోట ఆగాం. ఒక ముసలావిడ నడిపే టీ కొట్టు, దాని వెనక చావడిలో పడక.

పల్టనాయన నాకు అంతా విడమరిచి చెప్పాడు. కొట్టు వెనక ఉన్న గుట్ట ఎక్కితే అవతల లోయ. లోయకి ఆ చివర రెండు మంచు శిఖరాలు, వాటి మధ్య సందు. పక్షులు తెల్లవారుతుండగా గాలి పడిపోయి ఉన్నప్పుడే లోయలోంచి లేచి ఆ సందులోంచి దాటుతాయి. ఎండ పడిందంటే గాలి లేస్తుంది, ఇక ఆ పూటకి రావు. గుట్టెక్కడానికి అరగంట. మాట్లాడకూడదు, దగ్గకూడదు, కూర్చోవాలి. నిన్న ఒక గుంపు పోయిందని, రేపు ఇంకొకటి తప్పకుండా ఉంటుందని అన్నాడు. రేపు పగలే మేం దిగిపోవాలి, రైలు టిక్కెట్లున్నాయి. కాబట్టి ఆ ఒక్క పొద్దే.

రాత్రి భోజనం దగ్గర ఇదంతా అందరికీ తెలుగులో చెప్పాను. మా ఆవిడకి వేరేగా చెప్పాను. ఎంత ఆనందమొచ్చినా అరవకు, నన్ను పిలవకు, అవి బెదిరితే తోవ మార్చేస్తాయి అన్నాను. ఆవిడ తలూపింది. మీరు దగ్గకుండా ఉండండి చాలు అంది.

తెల్లవారుజామున లేచేసరికి మావయ్యగారు అప్పటికే పప్పు ఎసట్లో వేశారు. నేను శాలువా కప్పుకుని తయారు. పల్టనాయన కర్ర పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. మా ఆవిడ తలకి తువ్వాలు చుట్టుకుంది. క్లర్కుగారు పది నిమిషాలన్నారు. పప్పు మెత్తబడగానే నాలుగు ముద్దలు తినేసి వెళ్దాం, ఖాళీ కడుపుతో ఎక్కితే కళ్ళు తిరుగుతాయి అన్నారు. సరే అనుకున్నాం.

పప్పు మెత్తబడలేదు. నీళ్ళు తెర్లుతున్నాయి, పప్పు గులకరాళ్ళలా ఉంది. మావయ్యగారు గరిటెతో నాలుగు గింజలు తీసి వేళ్ళ మధ్య నలిపి, "నీళ్ళు మంచివి కావు" అన్నారు.

మా వైపు వాళ్ళకి ఇందులో ఆశ్చర్యం లేదు. బాపట్లలో సగం బావులు ఉప్పు. ఉప్పునీళ్ళకి పప్పు ఉడకదు. పప్పుకి మాత్రం మంచినీళ్ళు బిందెతో ఎక్కణ్ణుంచో తెచ్చుకుంటారు. పప్పు ఉడకలేదంటే నీళ్ళ తప్పని మాకు పుట్టుకతో తెలుసు. ఆ తెలివే కొండ మీదికి మోసుకెళ్ళాం. ఆ పప్పు పారబోసి, సామాను మోసే మనిషిని పై ఊటకి పంపి వేరే నీళ్ళు తెప్పించి, కొత్త పప్పు వేశారు. మంచు కరిగి వచ్చే నీళ్ళండీ అవి. అంతకంటే మంచినీళ్ళు ఈ భూమ్మీద ఉండవు.

నాకు అసలు సంగతి తెలుసు. ఎప్పుడో మడతపెట్టిన సైన్సు పుస్తకం ఫారం ఒకటి గుర్తుంది. ఎత్తుకి వెళ్ళేకొద్దీ గాలి బరువు తగ్గుతుంది, నీళ్ళు తక్కువ వేడికే మరుగుతాయి, కాబట్టి పప్పు ఎంతసేపైనా అంతే. ఆ మాటే చెప్పాను. ఇది నీళ్ళ తప్పు కాదు, ఎత్తు తప్పు, పప్పు వదిలేసి అన్నంలో ఆవకాయ కలుపుకుని పోదాం అన్నాను.

మాస్టారు నవ్వారు. మంకీ టోపీలోంచి నవ్వారు. "మరిగాయంటే మరిగినట్టే కదండీ మేస్త్రీ. బాపట్లలో మరుగు వేరు, ఇక్కడ మరుగు వేరూనా?"

"వేరేనండి."

"ఏంటి, అంత గట్టిగా చెబుతున్నారు. ఇంతకీ మీరు ఎంతవరకు చదివారు?"

ఆ ప్రశ్న నన్ను జీవితంలో ఎంతమంది అడిగారో లెక్క లేదు. మాట నా వైపు నిజమని తేలబోతున్నప్పుడల్లా అవతలివాడు అడిగేది అదే. నాలో ఏదో లేచి నిలబడింది. అప్పుడే మా ఆవిడ వచ్చి నా మోచెయ్యి తాకింది.

"ఏవండీ, ఆయన పిలుస్తున్నాడు. వెలుగొస్తోందంట."

ఆవిడకి హిందీ రాదు. ఆయన ఆకాశం వైపు చూపించి ఉంటాడు.

"నువ్వు పద. ఈయనకి చెప్పి వస్తా" అన్నాను.

ఒక్క క్షణం నిలబడింది. తరవాత ఆయన వెనక వెళ్ళిపోయింది.

నేను చెప్పాను. గాలి బరువు గురించి చెప్పాను. బైండింగుకి మైదా జిగురు కాచే మనిషిని, మరుగు సంగతి నాకు తెలియకపోతే ఎవరికి తెలుస్తుందన్నాను. మాస్టారు అన్నిటికీ వేరే అర్థం తీశారు. పప్పు పాతదై ఉంటుందన్నారు. తెనాలి కొట్లో నేనే దగ్గరుండి కొన్న పప్పు అది. మావయ్యగారు ఇంకో ఊట నీళ్ళు తెప్పించమన్నారు, మూడోసారి. క్లర్కుగారు చలి కాగుతూ, అలా కాదు, ఇలా కాదు అంటూ ఇద్దరివైపూ తల ఊపారు. స్టవ్ రొదకి గట్టిగా అరవాల్సి వచ్చింది. కొట్టు బయట ఖాళీ స్థలంలో, గుట్టకి ఎదురుగా నిలబడి, చెయ్యెత్తి మరీ చెప్పాను. చివరికి మాస్టారు ఒక మంచి ప్రశ్నే వేశారు.

"ఈ కొండల్లోవాళ్ళు రోజూ పప్పన్నమే తింటారు కదా. మరి వాళ్ళకెలా ఉడుకుతుందండీ?"

నేను టీ కొట్టు ముసలావిణ్ణి పిలిచాను. హిందీలో అడిగాను, ఆవిడకి వచ్చినంత హిందీలో చెప్పింది. ముందురోజు రాత్రే నానబెడతాను, పాలు పితకబోయే ముందు పొయ్యి మీద పెడతాను, నేను పొలం నుంచి తిరిగొచ్చేసరికి ఉడుకుతుంది, కింద మా అక్క ఊళ్ళో అయితే ఇంతసేపు పట్టదు అంది. అదంతా మాట మాట తెలుగులోకి తిప్పి వినిపించాను. ఒక్క మాట వదలకుండా.

మాస్టారు కాసేపు తపేలాలోకి చూశారు. తరవాత, "నిజమేనండీ మేస్త్రీ. ఒప్పుకున్నా" అన్నారు.

చదువుకున్న మనిషి నాతో ఆ మాట అనడం అదే మొదలు. నా ఒళ్ళంతా వెచ్చబడింది. ఆ వెచ్చదనంలో గుట్ట వైపు తిరిగాను. గుట్ట కొస మీద ఎండ పడి ఉంది. పల్టనాయన, ఆయన వెనక మా ఆవిడ, దిగొస్తున్నారు.

ఆయన నాతో ఎక్కువ మాట్లాడలేదు. అన్నీ వెళ్ళిపోయాయి, ఇక గాలి లేచింది అన్నాడు. మీరెందుకు రాలేదని కూడా అడగలేదు. మా ఆవిడ మొహం చలికి ఎర్రబడి ఉంది. కళ్ళు తడిగా ఉన్నాయి. తలకి చుట్టిన తువ్వాలు చేతిలో ఉంది. నా దగ్గరికి వచ్చి, "ఏవండీ" అని నోరు తెరిచింది.

"చెప్పకు" అన్నాను.

ఆ పూట అందరూ అన్నంలో ఆవకాయ కలుపుకుని తిన్నారు. అయిదు నిమిషాలు పట్టింది. నేను తినలేదు. ఆ పప్పు మూడో నీళ్ళలోనూ ఉడకలేదు. కొట్టు ముసలావిడ దాన్ని తన ఆవుకి పెట్టుకుంది.

దారిలో, రైల్లో, మిగతావాళ్ళందరూ మా ఆవిణ్ణి అడిగారు. ఏమ్మా, నువ్వొక్కదానివే చూశావంటగా అని. చూశానండి, బాగున్నాయండి అని ఊరుకుంది. నాకు వినపడేటట్టు అంతకుమించి ఒక్క మాట అనలేదు. మేం తెనాలి స్టేషనులో దిగేటప్పుడు క్లర్కుగారు, పైకెళ్ళిన అయిదుగురిలో ఒకరైనా చూశారు కదా మేస్త్రీ, మాట నిలబెట్టుకున్నట్టే అన్నారు. నవ్వుతూ అన్నారు. ఆయన మీద నా కోపం ఆయన పోయాక కూడా పోలేదు. ఈ మాట రాయకూడదేమో, రాస్తున్నాను.

కానీ నిజం చెప్పాలి. ఎక్కువ కోపం మా ఆవిడ మీద. ముప్ఫై ఏళ్ళు కలవరించినవాణ్ణి నేను. మళ్ళీ మొదలెట్టారా అన్నది తను. తనకెందుకు కనపడాలి? ఆ అన్యాయం ఎవరితో చెప్పుకుంటాం? ఇంట్లో బాతుల మాట ఆగిపోయింది. చలికాలం రేపల్లె వైపు చుట్టాల ఇంటికి వెళ్ళినా చేల వైపు చూసేవాణ్ణి కాదు. ఆవిడ కూడా ఎత్తేది కాదు. వరండాలో కూర్చుని ఇద్దరం పని చేసుకునేవాళ్ళం. ఆవిడ కుట్టేది, నేను అట్టలు వేసేవాణ్ణి. అలా అయిదారేళ్ళు గడిచాయి. ఒక మనిషి ఎదురుగా కూర్చుని ఉంటే, ఆ మనిషి కళ్ళల్లో నేను కోరిందంతా ఉంటే, అడగకుండా ఉండగలిగాను. ఇది గొప్ప కాదు. మూర్ఖత్వానికి కూడా సత్తువ కావాలి, అది నాకు ఉండేది, అంతే.

ఆ మధ్యలో అచ్చు మారిపోయింది. కుట్టు లేకుండా వీపుకి జిగురు పూసి అట్ట అంటించే యంత్రాలొచ్చాయి. కుట్టు పని వారానికి ఒకసారి, పదిరోజులకి ఒకసారి వచ్చేది. ఆవిడకి చూపు కూడా తగ్గుతోంది. చిరిగిన పాత పుస్తకాలు మళ్ళీ కట్టించుకునేవాళ్ళు మాత్రం ఇంటికి వచ్చేవారు. అలా ఒకరోజు పగటిపూట ఎవరో పక్షుల పుస్తకం తెచ్చి ఇచ్చారు. అట్ట ఊడింది, రంగు బొమ్మలు బాగానే ఉన్నాయి. పేజీలు సర్దుతుంటే ఆ బాతు బొమ్మ వచ్చింది. తెల్ల తల, రెండు నల్ల చారలు. దాన్ని ఆవిడ ఒళ్ళో పెట్టాను.

"ఇవేనా?" అన్నాను.

ఆవిడ పుస్తకాన్ని వెలుగు వైపు తిప్పి, కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూసింది.

"ఇవే. కానీ బొమ్మలో అరుపు లేదు కదండీ" అంది.

అప్పుడు చెప్పింది. అడిగేవరకు ఆగి, అడిగాక ఒక్క నిష్ఠూరం లేకుండా చెప్పింది. ముందు అరుపులే వినపడ్డాయంట, లోయ అడుగునుంచి. నాట్లకి పోయే ఆడవాళ్ళు ఒకరినొకరు కేకేసుకుంటూ గట్టు మీద పోతారు చూడండి, ముందున్నావిడ పిలిస్తే వెనకున్నావిడ పలకడం, అలాగే ఉందంట. తరవాత అవి కింద కనపడ్డాయంట, మన కాళ్ళ కింద. పక్షిని పైనుంచి చూడటం ఎంత వింతగా ఉందో అంది. వీపులు కనపడ్డాయి, వీపుల మీద వెలుగు పడలేదు ఇంకా. రెక్కలు కొడుతూ కొడుతూ, ఎక్కలేక ఎక్కుతున్నట్టు, మా ఎదురుగా వచ్చేశాయి. అప్పుడు వాటి రెక్కల చప్పుడు కూడా విన్నానంది. మనకి లాగే ఆయాసపడుతున్నాయేమో అనిపించింది. అవి ఎగరడం లేదండీ, మెట్లెక్కుతున్నాయి అంది.

నేను కదలకుండా విన్నాను. చేతిలో జిగురు కుంచె ఉంది.

"మరి నన్నెందుకు పిలవలేదు? ఒక్క కేక వేస్తే వచ్చేవాణ్ణి కదా."

"అరవకు, పిలవకు అన్నారుగా మీరే. బెదిరితే తోవ మార్చేస్తాయన్నారు." బొమ్మ మీద చెయ్యి వేసింది. "అయినా మీరు వస్తున్నారనే అనుకున్నాను. పైనుంచి మీరు కనపడుతూనే ఉన్నారు. కొట్టు ముందు నిలబడి నా వైపే చెయ్యెత్తి ఊపుతున్నారు. వస్తున్నా, ఉండు అంటున్నారనుకున్నాను. నేనూ తువ్వాలు విప్పి ఊపాను."

ఆ చెయ్యి మాస్టారికి గాలి బరువు గురించి చెబుతున్న చెయ్యి. ఆ మాట ఆవిడకి చెప్పాలా వద్దా అని ఆలోచించి, చెప్పలేదు. దానికి బదులు, నాకు ఇన్నాళ్ళూ కావలసింది అడిగాను. సందులోంచి దాటడం ఎలా ఉంది, ఒక్కొక్కటే దాటాయా, వరసగా దాటాయా, అవతలికి పోయేటప్పుడు ఎండ తగిలిందా, ఎంతసేపు కనపడ్డాయి అని.

ఆవిడ పుస్తకం మూసి, ఊడిన అట్టని దాని మీద సరిగ్గా పెట్టింది.

"దాటడం నేను చూడలేదండీ. మీరు బయలుదేరారా లేదా అని కిందకే చూస్తున్నాను. మళ్ళీ తలెత్తేసరికి లేవు."

మైదా జిగురు గిన్నెలో తెట్టు కడుతోంది. ఆరిపోతోందండీ, చూసుకోండి అని ఆవిడే అంది. నేను లేచి ఆ పుస్తకానికి వీపు కట్టాను. సాయంత్రం ఆవిడ అన్నం పెట్టింది, పప్పు కూడా వేసింది, తిన్నాను. ఆ తరవాత ఆవిడ నాలుగేళ్ళు ఉంది. అడగాల్సినవి ఇంకా ఉన్నాయని ఇప్పుడు తెలుస్తోంది. తువ్వాలు ఎంతసేపు ఊపిందో అడగలేదు.